చెరువు నీరు తోటకు చేరిన దారి

తెలుగు నేల మీద దొరికిన మధ్యయుగపు దానశాసనాలు సాగుభూమిని మూడు పేర్లతో పిలుస్తాయి. వరి పండేది నీరునేల. వానను నమ్ముకుని విత్తేది వెలిపొలం. ఏడాది పొడవునా తడి ఆరకుండా చూసుకోవలసింది తోటభూమి. తరువాతి కాలంలో నిజాం రెవెన్యూ కాగితాల్లో ఇవే తరి, ఖుష్కి, బాగాత్‌ అయ్యాయి. ఆకుతోట, అరటి, పసుపు, చెరకు, కూరగాయలు, గుడికి పంపే పూలు అన్నీ తోట లెక్కలోకే వచ్చేవి. వరికి నాలుగు నెలలు నీళ్ళుంటే చాలు. తమలపాకు తీగకు గానీ మల్లెపొదకు గానీ ఆ నాలుగు నెలలు గడిచాకే అసలు కష్టం మొదలవుతుంది. తెలంగాణలో వాన చాలావరకు జ్యేష్ఠం నుంచి భాద్రపదం లోపు కురిసిపోతుంది. రాయలసీమ దక్షిణాన ఆశ్వయుజ, కార్తీకాల వానలు కూడా ముఖ్యం. తోటకు దాహం వేసేది చైత్ర, వైశాఖాల్లో. నడుమనున్న ఆ ఆరేడు నెలలూ వాన నీటిని ఎక్కడ దాచాలన్నదే తోట పెట్టాలనుకున్న ప్రతి తరానికీ ఎదురైన ప్రశ్న.

దాచుకోదగిన నీరు తక్కువేమీ కాదు. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. కరువు సీమగా పేరుపడిన అనంతపురం ప్రాంతంలో కూడా ఏటా 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. అయితే అది కొద్ది రోజుల్లోనే కురుస్తుంది, వాలు వెంట పరిగెత్తి వాగుల్లో పడి వెళ్ళిపోతుంది. పరిగెత్తే నీటికి అడ్డంగా మట్టికట్ట వేసి నిలబెట్టడమే చెరువు.

పూలతోట కోసమే తవ్విన చెరువు ఒకటి తిరుమల కొండ మీద ఉంది. కొండ మీద నది లేదు. అక్కడి తీర్థాలన్నిటికీ మూలం శేషాచలం అడవిలో కురిసే వానే. స్వామి పుష్పకైంకర్యం కోసం కొండ మీదే తోట పెంచమని రామానుజులు తన శిష్యుడు అనంతాళ్వాన్‌ను పంపారని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. అది 11వ శతాబ్దం చివరి కాలం. అనంతాళ్వాన్‌ పూలమొక్కలు నాటే ముందు చెరువు తవ్వాడు. ఆ పనిలోని కష్టం కథగా నిలిచిపోయింది. అతడు మట్టి తవ్వి తట్టల్లో నింపుతుంటే నిండు గర్భిణి అయిన భార్య మోసి దూరంగా పోసి వచ్చేది. ఒక పిల్లవాడు వచ్చి ఆమెకు సాయం పట్టాడు. ఇతరుల సాయం వద్దన్న పట్టుదలతో అనంతాళ్వాన్‌ ఆ పిల్లవాడి మీదికి గునపం విసిరాడు. అది గడ్డానికి తగిలింది, ఆ వెంటనే గర్భగుడిలో స్వామి గడ్డం నుంచి రక్తం కారింది. మూలమూర్తి గడ్డానికి పచ్చకర్పూరం అద్దే ఆచారానికి ఈ కథే కారణమంటారు. ఆ గునపాన్ని నేటికీ మహాద్వారం దగ్గర చూపిస్తారు. బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు జరిగే బాగ్‌ సవారిలో స్వామి అప్రదక్షిణంగా అనంతాళ్వాన్‌ తోటకు వెళ్ళివస్తాడు. తోటమాలి తవ్విన చెరువుకు ఇంత గౌరవం దక్కిన చోటు మరొకటి అరుదు.

కొండ కింద ఊళ్ళలో దేవస్థానం అనుసరించిన పద్ధతి ఇంకా ఆలోచనతో కూడినది. 15, 16 శతాబ్దాల తిరుమల శాసనాల ప్రకారం భక్తులు నైవేద్యాల కోసం ఇచ్చిన సొమ్మును దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి పెట్టేది. అలా పెరిగిన పంట నుంచి దాత కోరిన నైవేద్యం ఏటా జరిగేది. ఒకసారి ఇచ్చిన డబ్బు వాన నీటి ద్వారా శాశ్వత ఆదాయంగా మారేదన్నమాట.

అంతకు ముందే, కాకతీయుల నాటికి చెరువు తవ్వించడం సామంతుడికీ సేనానికీ పరువు నిలిపే పని. మనిషి పోయాక కూడా పేరు నిలబెట్టే ఏడింటిని సప్తసంతానాలన్నారు. కొడుకు, కావ్యం, గుడి, నిధి, అగ్రహారంతో పాటు చెరువూ తోటా అందులో ఉన్నాయి. చెరువును, వనాన్ని పక్కపక్కన చేర్చడంలో అనుభవం కనిపిస్తుంది, మొదటిది లేనిదే రెండోది బతకదు. గణపతిదేవుడి కాలంలో (1199–1262) ఈ పని ఊపందుకుంది. పాలంపేటలో 1213లో రుద్రేశ్వరాలయం కట్టించిన రేచర్ల రుద్రుడే ఆ పక్కన రామప్ప చెరువునూ కట్టించాడు. పాఖాల, లక్నవరం చెరువులు కూడా ఈ యుగానివే. బయ్యారం చెరువు గట్టున దొరికిన శాసనం గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబది. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులు ఈ రోజుకీ ఆశ్రయించే ఆధారాల్లో అది ముఖ్యమైనది. రాచకుటుంబం తన చరిత్ర చెక్కించడానికి చెరువు గట్టును ఎంచుకుంది.

ఈ పెద్ద చెరువులు కొండల నడుమ సన్నని కనుమలను మూసి కట్టినవి. ఊరి చెరువులు వేరు. వాలు వెంట ఒకదాని కింద ఒకటిగా, పై చెరువు నిండి మత్తడి దూకితే కింది చెరువులోకి నీరు చేరేలా కట్టిన వరస అది. దీన్నే గొలుసుకట్టు అన్నారు. చిన్న వాగు మీద కూడా ఇలా పది పన్నెండు చెరువులు నిలిచాయి. ఒక ఊరి వరిమళ్ళలోంచి జారిన నీరు మరో ఊరి చెరువుకు ఆదాయం.

చెరువు కట్టడం శాస్త్రంగా ఎంత ఎదిగిందో తెలియాలంటే కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనం చదవాలి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ 1369లో అక్కడ అనంతరాజసాగరం కట్టించాడు. రెండు రాతిపలకల మీద సంస్కృతంలో చెక్కించిన ఆ శాసనం దాత పుణ్యాన్ని కీర్తించి ఊరుకోలేదు. పనికి రెండేళ్ళు పట్టిందని, రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని లెక్క చెప్పింది. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు దండాల్లో నమోదు చేసింది. ఆపైన మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను వరసగా చెప్పింది.

పన్నెండింటిలో మొదటిది ధర్మబుద్ధీ ధనమూ ఉన్న రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు. ఆ తరువాతవన్నీ నేలకు సంబంధించినవి: గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి తీపినీరు తెచ్చే నది, చెరువును ఆనుకుని కొండ, కొండభాగాల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, ఫలవంతమైన పొలం వైపు మళ్ళని కట్ట కొసలు, విశాలమూ లోతూ ఉన్న గర్భం, తిన్నని పొడవాటి రాళ్ళు దొరికే గని, దిగువన చదునైన సారవంతమైన భూములు, వేగంగా నీరు పారే కాలువ, చివరగా కట్టడం పనిలో ఆరితేరిన మనుషుల బృందం. రాజుతో మొదలైన జాబితా పనివాళ్ళతో ముగిసింది. ఈ ఇద్దరిలో ఎవరు లేకున్నా చెరువు లేదని రాసినవాడికి తెలుసు.

ఆరు దోషాలు ఇంకా ఆసక్తికరం. కట్టలోంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీరు కొద్దిగా ఉండి సాగుభూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం. వీటిలో మూడు నేలకూ కట్టకూ సంబంధించినవైతే, ఒకటి రాజకీయం, రెండు లెక్క. సరిహద్దు చెరువుకు తగవు తప్పదని 650 ఏళ్ళ కిందట రాయిమీద రాసిన మాట రాష్ట్రాల మధ్య నదీజలాల వివాదాలు చూసిన పాఠకుడికి కొత్తగా అనిపించదు. నీటికి తగ్గ ఆయకట్టు ఉండాలన్న షరతు కూడా అంతే బరువైనది. పోరుమామిళ్ళ చెరువు నేటికీ నీరు నింపుకుంటోంది. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలంలోనే కట్టిన కంభం చెరువుతో పాటు దీన్ని 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది.

కృష్ణదేవరాయలు తన రాజధాని పక్కన నాగలాపురం దగ్గర (నేటి హోస్పేట) ఒక పెద్ద చెరువు కట్టించాడు. ఆ పని నడుస్తుండగా పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్‌ కళ్ళారా చూసి, అక్కడ 15,000 నుంచి 20,000 మంది పనిచేస్తున్నారని అంచనా వేశాడు. తరువాత వచ్చిన నూనిజ్‌, రాయలకు ఈ పనిలో జోవావ్‌ డెల్లా పోంటి అనే పోర్చుగీసు రాతిపనివాడు తోడ్పడ్డాడని రాశాడు. ఆ నీటితో వరిమళ్ళు, తోటలు వేసుకునే వారికి తొమ్మిదేళ్ళు పన్ను మినహాయించారని కూడా నూనిజ్‌ రాశాడు. నాటిన చెట్టు కాపుకొచ్చి స్థిరపడే దాకా రైతు చేతికి రాబడి రాదు. ఆ గడువు ఇచ్చినవాడికి తోట సంగతి తెలుసు.

చెరువు కట్టించిన రాజుల పేర్లు శాసనాల్లో మిగిలాయి. చెరువును బతికించిన ఏర్పాట్ల పేర్లు పల్లె మాటల్లో మిగిలాయి. వాటిలో మొదటిది దశబంధం. చెరువు కట్టినవాడికి, బాగుచేసినవాడికి ఆ నీటితో సాగైన భూమిలో పదో వంతో, దానికి సరిపడే ఫలమో దక్కేది, దానికి బదులు అతడు చెరువును మరమ్మతులో ఉంచాలి. రాయలసీమలో దశబంధం ఇనాములు కుంఫిణీ పాలనలో కూడా కొనసాగాయి. కట్టపోయడం, రాయి పరచడం వడ్డెరల పని, ఆ నైపుణ్యం తరతరాలుగా వాళ్ళ చేతుల్లోనే ఉంది. తూము ఎత్తి, దించి, ఎవరి మడికి ఎప్పుడు నీరు పారాలో చూసేవాడు తెలంగాణలో నీరటి, చిత్తూరు, అనంతపురం వైపు నీరుగంటి. చాలా ఊళ్ళలో ఈ పని దళిత కుటుంబాలకు వంశపారంపర్యంగా ఉండేది. కళ్ళం దగ్గర రైతులు కొలిచి ఇచ్చే గింజలే వాళ్ళ కూలి. ఊరందరి పంటకూ నీరు పంచినవాడికి ఆయకట్టులో సెంటు భూమి లేకపోవడం ఈ చరిత్రలో తరచుగా కనిపించే అన్యాయం. చెరువు గొప్పతనం చెప్పేటప్పుడు దాన్ని దాటేయకూడదు.

ఎండాకాలంలో చెరువు ఎండితే పూడిక తీసేవారు. వానలతో కొట్టుకొచ్చి అడుగున చేరిన ఒండ్రును బండ్లకెత్తి పొలాలకు, తోటలకు తోలుకునేవారు. అది తోటకు ఎరువు, చెరువుకు లోతు. ఒక్క పనిలో రెండు ప్రయోజనాలు ఉన్నందువల్లే ఎవరి ఆజ్ఞా లేకుండా శతాబ్దాల పాటు ఇది జరిగింది. కట్ట తెగుతుందన్న భయం మాత్రం ఎప్పుడూ వెంటాడేది. గట్టున కట్టమైసమ్మ వెలిసింది ఆ భయంలోంచే. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే కోడలు ప్రాణమిచ్చిందని స్థానిక కథ. కట్టమంచి రామలింగారెడ్డి దీన్నే తీసుకుని ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశాడు.

ఇంతవరకు చెప్పిన నీరు ప్రధానంగా వరి కోసం. తూములోంచి కాలువ పట్టి పారేది వానాకాలపు ఆబి, యాసంగి తాబి పంటలకు. మాఘం దాటాక చాలా చెరువుల్లో మిగిలేది పశువులు తాగే మడుగే. అయినా చెరువు కింద తోటలు అంత సులువుగా ఎండేవి కావు, ఎందుకంటే వాటి నీరు అప్పటికే మరోచోట దాగి ఉంది. నెలల తరబడి నిలిచిన చెరువు నీరు అడుగునుంచి నేలలోకి ఇంకుతుంది. వరిమళ్ళలో నిలబెట్టిన నీరు కూడా ఇంకుతుంది. ఆ ఊట కట్ట దిగువనున్న బావుల్లోకి చేరుతుంది. పైన ఎండకు ఆవిరైపోయే నీరు కింద చల్లగా భద్రంగా ఉంటుంది. అందుకే ఆకుతోటలూ కూరగాయల మళ్ళూ కట్టకు దిగువన బావుల చుట్టూ అల్లుకున్నాయి. చెరువు నిండిన ఏడు బావి నిండుతుందన్నది రైతుకు లెక్క. చెరువు, నేల, బావి అనే మూడు పాత్రల్లో ఒకదాని నుంచి ఒకదానికి మారుతూ వాన నీరు తోటకు చేరేది.

బావి నుంచి నీరు తోడడానికి లోతును బట్టి సాధనం మారేది. గట్టు పక్కన గుంటలో నీరుంటే గూడ చాలు. తాళ్ళు కట్టిన గూడను ఇద్దరు మనుషులు ఇరువైపులా పట్టుకుని ఊపుతూ చల్లేవారు. కొంచెం లోతైతే ఏతం. పాతిన మాను మీద పొడవాటి దూలం, దాని ఒక కొసకు వేలాడే గడ, గడ చివర బాన. దూలం మీద మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తుంటే అతడి బరువుకు బాన దిగేది, లేచేది. కింద ఇంకొకడు బానను పట్టి కాలువలోకి ఒంచేవాడు. జారితే ప్రాణం పోయే పని అది. అడుగుల లయ తప్పకుండా పాట కట్టుకోవడం అందుకే.

ఇంకా లోతైన బావికి మోట, రాయలసీమ మాటలో కపిల. దీని కూర్పు ముచ్చటైనది. తోలుతో కుట్టిన పెద్ద బొక్కెన అడుగున తొండం ఉంటుంది. బొక్కెనకు లావు మోకు, తొండానికి సన్నని తాడు. రెండూ వేరువేరు గిరకల మీదుగా ఎడ్ల కాడికి చేరతాయి. బొక్కెన బావిలో ఉన్నంతసేపూ తొండం పైకి మడిచి ఉంటుంది గనుక చుక్క కారదు. ఎడ్లు పల్లపు బాటలో దిగుతుంటే వాటి బరువు కూడా లాగుడుకు తోడవుతుంది. బొక్కెన గట్టుకు రాగానే తొండం తొట్టిలోకి చాపుకుని నీరు దానంతటదే పారిపోతుంది. మనిషి చేయి పెట్టే అవసరం లేదు. తరువాత ఎడ్లను వెనక్కి నడిపించాలి. తోటలో ఇంకొకరు పార పట్టుకుని మడవ మారుస్తూ ఒక్కో పాదుకు నీరు మళ్ళించేవారు. పొద్దంతా మోట తోలినా ఎకరం తడిసేది కాదు. ఆ కష్టమే తోట విస్తీర్ణానికి హద్దు గీసింది. వాన ఇచ్చినదానికి మించి తోడే శక్తి ఎద్దుకు లేనందున బావి ఎండిపోవడం అరుదు.

గోలకొండ రాజ్యంలో తోట రాచవిలాసం కూడా అయింది. దుర్గం చెరువు నీరు మట్టిగొట్టాల్లో కోట దాకా వచ్చేది, అక్కడినుంచి దాన్ని అంచెలంచెలుగా పై మెట్లకు ఎక్కించేవారు. కుతుబ్‌షాహీ సమాధుల చుట్టూ పరుచుకున్న తోటలకు ఆ ఆవరణలోనే మెట్లబావులు తవ్వారు. వాలు నుంచి వచ్చే వాన నీరు, రాతిలోంచి ఊరే నీరు వాటిలో చేరేది. వీటిలో పెద్దది బడీ బావడి.

చెరువుల లోకం మీద దెబ్బ 19వ శతాబ్దంలో పడింది. కుంఫిణీ ప్రభుత్వం శిస్తు రాబట్టడంలో చూపిన శ్రద్ధ కట్టల మీద చూపలేదు. గ్రామాలు తమకు తాము చేసుకునే మరమ్మతు పనిని 1858లో మద్రాసు ప్రాంతానికి చేసిన చట్టం నిర్బంధ శ్రమగా మార్చింది. ఇష్టంగా చేసిన పని చట్టంతో రాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ప్రభుత్వం చూపు నదుల మీదికి మళ్ళింది. చెరువుల పునరుద్ధరణ పథకం 1883లో గానీ మొదలు కాలేదు. అటు నిజాం రాజ్యంలో గొలుసుకట్టు బలహీనత 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో బయటపడింది. పై చెరువు తెగితే కింది చెరువు తట్టుకోలేదు. మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని ఇంజనీరు విశ్వేశ్వరయ్య నివేదిక లెక్క తేల్చింది. ఆయన సూచనల ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్‌, 1927లో హిమాయత్‌సాగర్‌ వచ్చాయి.

తోటకూ చెరువుకూ మధ్య బంధాన్ని తెంచింది మాత్రం వరద కాదు, మోటారు. ఆయిల్‌ ఇంజన్లు, వాటి వెనకే కరెంటు మోటార్లు వచ్చాక మోటలు అటకెక్కాయి. 1980ల నుంచి బోరు వేసినవాడికి చెరువు నిండిందా లేదా అన్న పట్టింపు పోయింది. పూడిక తీయడానికి బండి కట్టే చేతులు తగ్గాయి. నీరటి పని పోయింది, చెరువు గర్భంలోని శిఖం భూములు ఆక్రమణల పాలయ్యాయి. నేలలోకి ఇంకేదానికంటే తోడేది ఎక్కువయ్యేసరికి అనంతపురం జిల్లాలో కాపుమీదున్న చీనీ తోటలు ఎండిపోయాయి. చెట్లు దక్కించుకోవడానికి ట్యాంకర్లతో నీరు కొని పోసిన రైతులు అప్పుల పాలయ్యారు. నీరు కొద్దిగా ఉండి సాగుభూమి ఎక్కువ కావడమన్న పోరుమామిళ్ళ దోషం ఇక్కడ భూగర్భంలో జరిగింది.

దిద్దుబాటు ప్రయత్నాలు 1990లలో మొదలయ్యాయి. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం వాన నీటిని ఇంకించే ఏర్పాట్లకు చట్టబలం ఇచ్చింది. ఇంకుడు గుంత అన్న మాట ఇంటింటికీ చేరింది. తెలంగాణ ప్రభుత్వం 46,531 చెరువులను లెక్కించి 2015లో మిషన్‌ కాకతీయ పేరుతో పూడికతీత చేపట్టింది, రైతులు మళ్ళీ ఒండ్రును చేలకు తోలుకున్నారు. బండ్ల స్థానంలో ట్రాక్టర్లు వచ్చాయి. గోలకొండ పక్కన బడీ బావడి గోడ 2013 వానలకు కూలిపోయింది. పూడిక తీసి, గోడను రాయి రాయిగా మళ్ళీ కట్టారు. ఆ ఆవరణలోని మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్‌ పురస్కారం లభించింది. ఇప్పుడు ఆ బావుల్లో చేరిన వాన నీటినే సమాధుల చుట్టూ ఉన్న తోటలకు పెడుతున్నారు.